మోటారుకారు శీతలయంత్రము - దాని సెన్సారులు

మోటారుకారులో చల్లదనము పుట్టించు యంత్రమును గూర్చి మా విద్యార్థులు పలుమారు మమ్మడుగుచుందురు. వేసవిలో విజయవాడ వీధులలో బండి నడుపువారికి అది భోగవస్తువు కాదు. అది చెడినప్పుడు "గ్యాసు అయిపోయినది" అనుట మనవారికి వాడుకయైనది. గ్యాసు కారిపోవుట నిజముగా కలదు. అయినను గ్యాసు నిండుగా నుండియు చల్లదనము రాకపోవుటయు కలదు. అట్టిచోట సెన్సారులను, వానికి పోవు తీగలను పరీక్షింపవలెను.

1940వ సంవత్సరపు పాకార్డు కారులలో శీతలయంత్రమును అమర్చి అమెరికాలో అమ్మిరి. అందు కంప్రెసరును ఆపుటకు క్లచ్చి లేదు. చలి చాలుననుకొన్నచో బండి నిలిపి, మూత తెరచి, బెల్టును ఊడదీయవలసియుండెను! నేడు ఆ నిర్ణయము సెన్సారుల మాటను బట్టి జరుగుచున్నది.

వీనిలో ముఖ్యమైనది ఎవాపరేటరు రేకుల నడుమ గుచ్చియుండు థర్మిస్టరు. వేడి హెచ్చినకొలది దీని విద్యున్నిరోధము తగ్గును. సిల్వరు సల్ఫైడునందు ఇట్టి గుణమును ఫారడే పండితుడు 1833లోనే గమనించెను. ఎవాపరేటరు సున్న డిగ్రీలను సమీపించుచుండగా, దానిపై చెమర్చిన నీరు గడ్డకట్టకుండ, నియంత్రణపు పెట్టె ఈ సెన్సారును చూచి కంప్రెసరును ఆపును. తీగ తెగినచో నిరోధము అనంతమై, ఆ పెట్టెకు -40 డిగ్రీల ఘోరమైన చలివలె తోచును, కంప్రెసరు కదలదు. నిరోధము ఉండవలసినదానికంటె తగ్గినచో, ఇంకను వెచ్చగానే యున్నదని తలచి ఆపదు. రేకులపై మంచు పేరుకొని గాలిదారి మూసికొనును. దీని గురుతు విచిత్రమైనది. మొదట కొంతసేపు చక్కని చల్లగాలి, పిమ్మట గాలి సన్నగిల్లుట, బండి కొంతసేపు ఆపి నడిపిన మరల చల్లదనము. గ్యాసు కొద్దిగా తగ్గినను మంచు కట్టుట కలదు గావున పీడనమును గూడ కొలిపింపవలెను.

థర్మిస్టరును పరీక్షించుట మన ప్రయోగశాలలోనే సాధ్యము. కనెక్టరు విప్పి, మల్టీమీటరు తగిలించి, సెన్సారు కొనను మంచునీటిలో నుంచి కొలిచి, పిమ్మట గది వేడిమిలో కొలువవలెను. అంకె మెల్లగా మారవలెను గాని గంతులు వేయరాదు. ఆ అంకెలను తయారుచేసినవారి పట్టికతో సరిచూడవలెను. అన్ని కారులకు ఒకే అంకె చెల్లదు.

మా విద్యార్థి యొకని తండ్రిగారు టాక్సీ నడుపుదురు. చల్లదనము నిలిచిపోగా, ఒక మరమ్మతుశాలవారు కంప్రెసరునే మార్చవలెనని వారికి చెప్పిరి. ఆ సొమ్ము అప్పు చేయక వచ్చునది కాదు. స్కానరు పి0532 అను సంకేతమును చూపుచుండెను. అనగా పీడన సెన్సారు వలయములో వోల్టేజి తక్కువయని. ఇట్టి సంకేతము వలయమును చూపునే గాని, ఏ వస్తువును మార్చవలెనో చెప్పదు. ఇది తెలియకయే పలువురు ధనము పోగొట్టుకొనుచున్నారు. ఆగియున్న బండిలో గేజి పెట్టించి చూడగా, 30 డిగ్రీల వేడిమిలో చదరపు అంగుళమునకు ఇంచుమించు 97 పౌండ్ల పీడనము కనబడెను. ఆర్-134ఎ గ్యాసునకు అది తగిన అంకెయే. లోపల ద్రవము కొంతయైన నున్నదని దానివలన తెలిసినది. పిదప కనెక్టరు విప్పి చూచితిమి. 5 వోల్టుల తీగయు, ఎర్తు తీగయు సరిగా నుండెను. మూడవదగు సంకేతపు తీగ కొన పచ్చని చిలుము పట్టియుండెను. సంకేతమందక, గ్యాసే లేదని తలచి పెట్టె కంప్రెసరును ఆపివేసినది. కొనను శుభ్రము చేయగా యంత్రము ఆ సాయంకాలమే పనిచేసెను.

తక్కిన సెన్సారులను గూర్చి రెండు మాటలు. బయటి వేడిమిని చూచునది పెక్కు కారులలో ముందరి జాలి వెనుక నుండును. చిన్న తాకుడునకే విరుగును. ఎండను చూచునది అద్దము క్రింద నుండును. దానిని షెడ్డు నీడలో పరీక్షించి చెడినదనుట అన్యాయము!

పీడన సెన్సారును ఊడదీయుటకు ముందు కారు పుస్తకమును చూడవలెను. కొన్నిటికి క్రింద కవాటముండి గ్యాసు నిలుచును, కొన్నిటికి లేదు. వెలికి చిమ్మిన ద్రవము కంటబడిన కన్నే పోవచ్చును గావున, ఆ పనిని పిల్లలు చేయరాదు. గ్యాసును యంత్రముతో వెలికిదీయగల పనివారికే విడువవలెను.