పాత పికప్‌కు కొత్త కార్బ్యురేటర్: పెద్దదైతే మేలేనా?

అమెరికాలో 1973 నుంచి 1986 వరకు వచ్చిన షెవర్లే సీ-10 వంటి పికప్ ట్రక్కులలో గాలిని, పెట్రోలును తగిన పాళ్లలో కలిపి ఇంజిన్‌కు అందించేది కార్బ్యురేటర్. అది అరిగిపోయినప్పుడు, ఇంకాస్త పెద్దది బిగిస్తే బండికి బలం పెరుగుతుందని చాలామంది యజమానులు భావిస్తారు. చేతి చమురు వదిలేది తరచుగా అక్కడే.

గాలికీ ఒక లెక్క

నదీ ప్రవాహాన్ని క్యూసెక్కులలో కొలిచినట్లే, కార్బ్యురేటర్ సామర్థ్యాన్ని దాని గుండా నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి సాగగలదో లెక్కించి చెబుతారు. ఇంజిన్ పరిమాణాన్ని ఘనపుటంగుళాలలో తీసుకుని, నిమిషానికి అది తిరిగే గరిష్ఠ చుట్లతో హెచ్చించి, 3,456తో భాగించాలి. సిలిండర్లు పూర్తిగా నిండవు కనుక, వచ్చిన ఫలితంలో సుమారు 85 శాతం తీసుకోవాలి.

ఈ ట్రక్కులలో విరివిగా కనిపించే 350 ఘనపుటంగుళాల, అంటే 5.7 లీటర్ల ఇంజిన్ 5,000 చుట్లు తిరిగినా, దానికి కావలసింది 430 ఘనపుటడుగులే. 600 సామర్థ్యం గలది ధారాళంగా సరిపోతుంది. అంతకు మించి పెద్దదైతే లోపలి ఇరుకు మార్గంలో గాలి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే పెట్రోలును పైకి లాగే శక్తి సన్నగిల్లి, బండి బరువుతో బయలుదేరేటప్పుడు ఇంజిన్ తడబడుతుంది.

పాతదానిని తోసిపుచ్చరాదు

ఈ ట్రక్కులలో అనేకం రోచెస్టర్ క్వాడ్రాజెట్‌తో వచ్చాయి. దాని సామర్థ్యం సుమారు 750 అయినా, ముందున్న రెండు ద్వారాలు చిన్నవి. వెనుకనున్న పెద్ద ద్వారాలపై ఉండే రేకు ఇంజిన్ కోరినంత మేరకే తెరుచుకుంటుంది. అందువల్ల థ్రాటిల్ ఇరుసు రంధ్రాలు అరగకపోతే, పాతదానినే విప్పి, శుభ్రపరచి, గాస్కెట్లు మార్చడం మొదటి మార్గం.

బిగించే ముందు

కొత్తది కొంటే, దాని అడుగు రంధ్రాలు మానిఫోల్డ్ రంధ్రాలతో కలుస్తాయో లేదో చూడాలి. కలవకపోతే మధ్యలో అడాప్టర్ కావాలి. 700ఆర్4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండిలో థ్రాటిల్‌కు కలిసే కేబుల్ మరింత కీలకం. గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ ఒత్తిడిని నిర్ణయించేది అదే. కొత్త కార్బ్యురేటర్‌పై అది సరైన కోణంలో అమరకపోతే, లోపలి క్లచ్‌లు కొద్దికాలంలోనే కాలిపోవచ్చు. అప్పుడు మరమ్మతు ఖర్చు కార్బ్యురేటర్ ధరను మించిపోతుంది.

పెట్రోలు పంపు ఒత్తిడి తయారీదారు చెప్పిన పరిమితి దాటకూడదు. దాటితే ఫ్లోట్ సూది నిలువరించలేక, పెట్రోలు వేడి ఇంజిన్‌పైకి పొర్లి మంటలు లేచే ప్రమాదం ఉంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు భాగాలను పాడుచేస్తుంది కనుక, గొట్టాలను కూడా మార్చడం మేలు. 20 శాతం ఇథనాల్ మిశ్రమం అమ్ముడవుతున్న భారత్‌లోనూ పాత కార్బ్యురేటర్ వాహనాలకు ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

చట్టం సంగతీ చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 1976, ఆ తరువాతి మోడల్ పెట్రోలు వాహనాలకు కాలుష్య పరీక్ష తప్పనిసరి. అక్కడ ఆమోదం లేని కార్బ్యురేటర్ బిగిస్తే, బండి ఎంత చక్కగా నడిచినా పరీక్షలో నెగ్గదు.