కరిచాక ‘మా కుక్క కాదు’ అంటే కుదరదు

పెంపుడు శునకాన్ని అదుపులో పెట్టాల్సింది యజమానే.. కేసు పెట్టే వీలున్నా తెలియక మిన్నకుంటున్న బాధితులు

పగలంతా ఒకరి వాకిట్లో పడుకుంటుంది. ఆ ఇంటి మెతుకులే తింటుంది. పేరు పెట్టి పిలిస్తే తోక ఊపుకొంటూ వస్తుంది. రాత్రయితే కొత్తవారిని ఆ గడప తొక్కనివ్వదు. అదే కుక్క బడికి వెళ్లే పిల్లవాడి పిక్క పట్టుకుందనుకోండి.. ‘అది మా కుక్క కాదండీ, ఊరకుక్క. ఏదో ఇంత ముద్ద పడేస్తుంటాం’ అంటారు ఆ ఇంటివారు. పల్లెల్లో కుక్కకాటు తగవులు చాలామటుకు ఈ మాట దగ్గరే ఆగిపోతున్నాయి. పెద్దమనుషులు కూర్చుంటే ఆసుపత్రి ఖర్చుల కింద కొంత ఇప్పించి సర్దుబాటు చేస్తారు. కూర్చోకపోతే అదీ లేదు.

వీధికుక్కల బెడదపై కొన్నేళ్లుగా చర్చ సాగుతూనే ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మృతి చెందిన ఘటన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలచివేసింది. 2025లో సుప్రీంకోర్టు సైతం ఈ అంశంపై పలుమార్లు ఉత్తర్వులు ఇచ్చింది. అయితే చర్చంతా పురపాలక సంఘాలు ఏం చేయాలన్న దాని చుట్టూనే తిరుగుతోంది. యజమాని ఉండీ గొలుసు లేకుండా తిరిగే కుక్క సంగతి ఎవరికీ పట్టడం లేదు. తిండి పెట్టే చేయి ఒకటి, కరిచాక జవాబు చెప్పే నోరు మరొకటి అన్నట్లుగా సాగుతోంది వ్యవహారం.

ఆ మాటతో నష్టం ఎవరికి?: ‘మాది కాదు’ అనడం వల్ల యజమానికి కొన్ని వేల రూపాయలు మిగలవచ్చు. బాధితుడికి పోయేది అంతకన్నా పెద్దది. రేబిస్ సోకిన కుక్క లాలాజలంలోకి వైరస్, వ్యాధి లక్షణాలు బయటపడటానికి కొద్దిరోజుల ముందే చేరుతుంది. అందుకే కరిచిన కుక్కను పది రోజులపాటు గమనించాలని వైద్యులు చెబుతారు. పది రోజుల తర్వాతా అది ఆరోగ్యంగా తిరుగుతుంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో వైరస్ లేదని అర్థం. అప్పుడు మిగిలిన టీకాల విషయంలో వైద్యుడు ఒక నిర్ణయానికి రాగలుగుతారు. బాధితుడి ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకు పడుతుంది.

క్షేత్రస్థాయిలో జరుగుతున్నది ఇందుకు పూర్తిగా విరుద్ధం. గొడవ ముదురుతుందన్న భయంతో యజమానులు కుక్కను గోనెసంచిలో వేసి పొరుగూరి పొలిమేరలో వదిలేస్తున్నారు. కొందరు కొట్టి చంపి పాతిపెడుతున్నారు. దాంతో దాన్ని గమనించే అవకాశం పోతుంది. దానికి టీకా వేయించారో లేదో చెప్పేవారూ ఉండరు. పైగా వ్యాధి ఉన్న కుక్కే అయితే పొరుగూరికి ముప్పును మోసుకెళ్లినట్లవుతుంది. పెంచుకున్న జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

కరిచిన కుక్క తమదేనని ఒప్పుకొని, దాన్ని పది రోజులు కట్టి ఉంచి, టీకా కార్డు ఉంటే తీసుకెళ్లి ఆసుపత్రిలో చూపించడం యజమాని చేయగల మొదటి మేలు. ఖర్చులు, క్షమాపణల సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

చట్టం ఏం చెబుతోంది?: తన ఆధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గానీ, తీవ్ర గాయాలకు గానీ అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్తలు తీసుకోకపోవడం నేరం. తెలిసి ఊరుకున్నా, నిర్లక్ష్యం చేసినా ఒకటే. భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ఈ సంగతి చెబుతోంది. ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2024 జులై 1న ఈ సంహిత అమల్లోకి రాకముందు భారత శిక్షాస్మృతిలో 289వ సెక్షన్ ఇదే విషయం చెప్పేది. అప్పట్లో జరిమానా వెయ్యి రూపాయలకు మించేది కాదు.

ఇందులో రెండు మాటలను జాగ్రత్తగా గమనించాలి. మొదటిది ‘ఆధీనం’. కుక్కను కొన్న రసీదు ఉందా, లైసెన్సు ఉందా అన్నది ఈ సెక్షన్‌లో అడగలేదు. రోజూ తిండి పెట్టి, ఇంటి కాపలాకు వాడుకుంటూ, పేరు పెట్టి పిలుచుకునే కుక్క తన ఆధీనంలో లేదని వాదించడం ఏ యజమానికైనా కష్టమే. ఇరుగుపొరుగు సాక్ష్యం చాలు. దారిన పోయే వీధికుక్కకు జాలితో ఒక పూట ముద్ద వేసేవారి పరిస్థితి వేరు, వారిని ఇందులోకి లాగడం సరికాదు. రెండోది ‘అవకాశం’. కరిచి గాయపరిచే దాకా ఆగనవసరం లేదు. వీధిన పోయేవారి మీద రోజూ ఉరుకుతూ, పిల్లలను తరుముతున్న పెద్ద కుక్కను కట్టివేయాలని చెప్పినా యజమాని పెడచెవిన పెడితే అప్పుడే ఫిర్యాదు చేయవచ్చు.

ఈ సెక్షన్ కింద పోలీసులు న్యాయస్థానం అనుమతి లేకుండానే కేసు నమోదు చేసే వీలుంది. గాయం తీవ్రతను బట్టి ఇతరుల భద్రతకు ముప్పు కలిగించారన్న 125వ సెక్షన్‌నూ చేర్చవచ్చు. దాని కింద తీవ్ర గాయమైతే మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. ప్రాణం పోతే నిర్లక్ష్యంతో మరణానికి కారకులయ్యారన్న 106వ సెక్షన్ కూడా ముందుకు వస్తుంది. ఇక వైద్య ఖర్చులు, పోయిన కూలి రోజుల పరిహారం కోసం సివిల్ కోర్టును వేరుగా ఆశ్రయించాలి. అది కొంత కాలం పట్టే పని.

‘కుక్క కరిస్తే కేసేమిటి’ అని ఠాణాలో తేలిగ్గా తీసుకునే సందర్భాలు లేకపోలేదు. అందువల్ల ఫిర్యాదు నోటిమాటగా కాక రాతపూర్వకంగా ఇవ్వడం మంచిది. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ కరిచింది, కుక్క ఎవరిది, అప్పుడు గొలుసు ఉందా, అంతకుముందు ఎవరినైనా కరిచిందా అన్నవి రాయాలి. ఆసుపత్రి చీటీ నకలు, గాయం ఫొటో జతచేయాలి. ఇంతకుముందు కరిచిన సంగతి కీలకం. ఒకసారి కరిచిన తర్వాత కూడా వదిలేశారంటే, ప్రమాదం తెలియదని యజమాని చెప్పుకోలేరు. గేటుకు ‘కుక్క ఉంది జాగ్రత్త’ బోర్డు తగిలించినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. బోర్డు లోపలికి వచ్చేవారి కోసం. గేటు తీసి కుక్కను బయటికి వదిలినప్పుడు దానితో పనేముంది?

నగరంలో రెండు ఘటనలు: 2023 జనవరిలో హైదరాబాద్‌లోని బంజారాహిల్స్‌లో ఓ అపార్టుమెంటుకు ఆహారం తెచ్చిన యువకుడిపైకి ఆ ఇంటి పెంపుడు జర్మన్ షెపర్డ్ ఉరికింది. భయంతో పరుగుతీసిన అతను మూడో అంతస్తు నుంచి కిందపడి, చికిత్స పొందుతూ ప్రాణాలు విడిచాడు. యజమానిపై పోలీసులు కేసు నమోదు చేశారు. అదే ఏడాది మే నెలలో మణికొండలో పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన మరో యువకుడు కూడా పెంపుడు కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడు. తలుపు తీసే ముందు కుక్కను కట్టి ఉంటే ఈ రెండూ జరిగేవి కావు. పల్లెల్లో పాలు పోసేవారు, కరెంటు మీటరు చూసేవారు, తపాలా తెచ్చేవారు, ఆశా కార్యకర్తలు రోజూ ఇలాంటి గుమ్మాలే ఎక్కి దిగుతుంటారు.

జాతినా, యజమానినా తప్పుపట్టాల్సింది?: 2022 జులైలో లఖ్‌నవూలో ఎనభై రెండేళ్ల వృద్ధురాలిని ఇంట్లో పెంచుకుంటున్న పిట్‌బుల్ కరిచి చంపింది. అది ఆమె కుమారుడు పెంచుకున్నదే. ఇటువంటి ఘటనల నేపథ్యంలో 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతుల దిగుమతి, అమ్మకం, పెంపకాలకు అనుమతులు ఇవ్వొద్దంటూ రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలను సంప్రదించకుండా ఇచ్చారన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టివేసింది.

బ్రిటన్ 1991లోనే నాలుగు జాతులను నిషేధిస్తూ చట్టం చేసింది. మూడు దశాబ్దాల తర్వాత ఎక్స్ఎల్ బుల్లీ అనే మరో రకాన్ని ఆ జాబితాలో చేర్చాల్సి వచ్చింది. జాబితా పెరుగుతున్నా కాట్లు ఆగలేదు. అయితే అదే చట్టంలో మరో నిబంధన ఉంది. ఏ జాతి కుక్కయినా సరే, ప్రమాదకరంగా అదుపు తప్పితే యజమాని నేరస్థుడే. మన పల్లెలకు పనికొచ్చేది ఈ రెండో ఆలోచనే. మన ఊళ్లలో పిట్‌బుల్‌లు ఎన్ని ఉంటాయి? కరిచేవి ఎక్కువగా నాటుకుక్కలు, సంకరజాతి అల్సేషియన్లు. మామిడితోటలు, కోళ్లఫారాల కాపలాకు పెంచుతున్నవి కొన్ని. పగలు కట్టేసి రాత్రి వదిలితే తెల్లవారుజామున పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతు వాటి కంటపడతాడు. కోడిమాంసం దుకాణాల వ్యర్థాలు ఊరి చివర పారబోస్తే ఇంటికుక్కలూ అక్కడికే చేరి వీధికుక్కలతో గుంపు కడుతున్నాయి. గుంపులో చేరిన కుక్క వాకిట్లో తోక ఊపే కుక్కలా ప్రవర్తించదు.

కట్టేస్తే సరిపోదు: కరుస్తుందని చెప్పి మూరెడు గొలుసుతో ఇరవై నాలుగు గంటలూ గుంజకు కట్టివేసే యజమానులూ ఉన్నారు. అదీ తప్పే. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం కల్పించకపోవడాన్ని 1960 చట్టం హింసగానే పరిగణిస్తోంది. తొలిసారి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు మాత్రమే. ఈ రోజుల్లో ఆ సొమ్ముకు కుక్కకు బిస్కెట్లయినా సరిగా రావు. శిక్ష సంగతి పక్కనపెడితే, నిత్యం కట్టుకొయ్యకే పరిమితమైన కుక్క చిరాకుతో మరింత కరుకుగా మారుతుంది. ఉదయం, సాయంత్రం గొలుసు చేతపట్టి తిప్పాలి. చిన్నతనం నుంచే పిల్లలకు, కొత్తవారికి అలవాటు చేయాలి. కరిచే స్వభావం ఉంటే బయటికి తీసుకెళ్లేటప్పుడు మూతికి చిక్కం వేయాలి. మేత తింటున్నప్పుడు, పిల్లలకు పాలిస్తున్నప్పుడు దాని దగ్గరికి చిన్నారులను వెళ్లనివ్వరాదు. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయిస్తే తిరుగుడు తగ్గడంతోపాటు దిక్కులేని పిల్లల సంఖ్యా తగ్గుతుంది. పెంపుడు కుక్కకు టీకా, శస్త్రచికిత్స చేయించే బాధ్యత యజమానిదేనని 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పాయి. వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలూ ఆ మాటే చెబుతున్నాయి.

కరిచిన వెంటనే: గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పావుగంట సేపు కడగాలి. కారం, సున్నం, పసుపు, జిల్లేడు పాలు వంటివి పూయరాదు. కుట్లు సాధ్యమైనంత వరకు వేయించుకోరాదు. ఆలస్యం లేకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకాను తొలిరోజు, ఆపై 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చేలా లోతుగా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా అవసరం. అది అందుబాటులో లేకుంటే పెద్దాసుపత్రికి వెళ్లాలి తప్ప వదిలేయరాదు. తల, ముఖం, చేతులపై కాట్లు మరీ ప్రమాదకరం. పిల్లలకు ఎక్కువగా తగిలేవి ఇవే. కుక్క బాగానే ఉంది కదా, పది రోజులు చూద్దామని టీకా వాయిదా వేయకూడదు. టీకా మొదలుపెట్టాకే గమనించాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ రోగిని బతికించడం దాదాపు అసాధ్యం.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడుస్తారన్న భయంతో నేటికీ నాటుమందు కోసం వెళ్లేవారున్నారు. ఆ పాత టీకాను దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు వేసేవి భుజానికే.

కుక్కకు మూడు నెలల వయసులో తొలి టీకా వేయించి, పశువైద్యులు చెప్పిన గడువులో రెండోది, తర్వాత ఏటా ఒకటి వేయించాలి. ఏటా జులై 6న జూనోసిస్ దినోత్సవం సందర్భంగా పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేయడం ఆనవాయితీగా వస్తోంది. ఆ రోజు కుదరనివారు మిగతా పనిదినాల్లోనూ సమీప పశువైద్యశాలను సంప్రదించవచ్చు. శిబిరానికి కుక్కను వదులుగా కాక, గట్టి గొలుసుతో, మూతికి చిక్కం వేసి, దాన్ని పట్టగల పెద్దవారే తీసుకురావాలి. టీకా వేశాక ఇచ్చే కార్డును ఇంట్లో భద్రపరచుకోవాలి.