పెనుమూడి దిగువన టండ్రా పిట్ట

మా పెనుమూడి వంతెన దగ్గర్నుంచి కృష్ణ వెంట సముద్రం వైపు పోయేకొద్దీ నేల ఉప్పుబారుతుంది. చలికాలంలో ఆ ఉప్పు బురదలో పురుగుల్ని చకచకా పొడుచుకు తినే చిన్న ఉల్లంకి పిట్ట బరువు సుమారు 25 గ్రాములు. దాని పుట్టిల్లు సైబీరియా టండ్రా! అక్కడ అడుగునేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. వేరు లోతుకు దిగదు కాబట్టి నాచు, గడ్డి, పొట్టి పొదలే. జూన్, జూలైల్లో మంచు కరిగి దోమలు ముసరగానే పిల్లల్ని లేపి, దక్షిణానికి బయల్దేరుతుంది.

అది వచ్చి దిగే ఇక్కడి బురదలో పెరిగే మడచెట్టుది దాదాపు ఎడారి మొక్క బతుకే. చుట్టూ నీరే, కానీ ఉప్పునీరు. తెల్లమడ ఆ ఉప్పును ఆకుల మీదికి చెమర్చేస్తుంది; గాలికోసం వేళ్లను బురదలోంచి పైకి నిలబెడుతుంది. ఈ బురదను ఖాళీ నేల అంటే నాకు బాధగా ఉంటుంది. దాన్ని తవ్వి రొయ్యల చెరువు చేస్తే, తిరుగు ప్రయాణానికి కొవ్వు పట్టాల్సిన పిట్టకు పురుగు దొరకదు.