సంశ్లేషిత నాదం, జనసంగీత పరిణామం

వీణనూ వేణువునూ ఒకే శ్రుతిలో, ఒకే తీవ్రతతో పలికించినా, కళ్ళు మూసుకున్న శ్రోత ఏది ఏదో తడుముకోకుండా చెప్పగలడు. ఈ భేదానికి ఆధారమైన లక్షణమే నాదగుణం. సంగీత నాదంలో మూలస్వరంతో పాటు, దాని పౌనఃపున్యానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా ఉండే అనుస్వరాలు కూడా మోగుతుంటాయి. నాదగుణాన్ని ప్రధానంగా నిర్ణయించేవి వాటి పాళ్ళే. తంబూరా తీగ కింద జీవా పోగును వెంట్రుకవాసి జరిపి, మొద్దుబారిన తీగను ఝుమ్మనిపించే విద్వాంసుడు మార్చేది ఆ పాళ్ళనే.

ఈ పనిని విద్యుత్తుతో నెరవేర్చే వాద్యం సింథసైజర్. విడి అంశాలను కూర్చి నూతన పదార్థాన్ని నిర్మించడం సంశ్లేషణ కనుక దీన్ని సంశ్లేషక వాద్యం అనవచ్చు. 1964లో న్యూయార్కులో జరిగిన ధ్వని ఇంజినీర్ల సమావేశంలో రాబర్ట్ మోగ్ ప్రదర్శించిన పరికరంలో డోలకం తరంగాన్ని పుట్టిస్తుంది, వర్ధకం దాని బలాన్ని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. తరువాతి మోగ్ వాద్యాల్లో ప్రసిద్ధికెక్కిన వడపోత, డోలకం ఇచ్చిన రంపపు పళ్ళ ఆకారపు తరంగం నుంచి అక్కరలేని అనుస్వరాలను తొలగిస్తుంది. తీసివేత మీద నడిచే ఈ విధానానికి వ్యవకలన సంశ్లేషణ అనే పేరు తగినది. మోగ్ అసలు ఘనత నియంత్రణలో ఉంది. డోలకానికి ఒక వోల్టు అదనంగా ఇస్తే పౌనఃపున్యం రెట్టింపై, నాదం మధ్యస్థాయి నుంచి తారస్థాయికి చేరుతుంది. శ్రుతి, నాదగుణం, తీవ్రత మూడూ ఆ విధంగా వోల్టేజి అనే ఒకే రాశికి లోబడ్డాయి.

అయితే 1970లో వచ్చిన మినీమోగ్ ఏకస్వర వాద్యం; ఒక క్షణంలో ఒక్క స్వరాన్నే పలుకుతుంది. సింథసైజర్ ప్రధానంగా సాగే సింథ్‌పాప్ శైలి రూపురేఖలు చాలావరకు ఈ పరిమితి నుంచే పుట్టాయని నా నిశ్చితాభిప్రాయం. స్వరగుచ్ఛాలు పలకని వాద్యంతో పాట కట్టేవారు సన్నని స్వరపంక్తులను ఒకదానిపై ఒకటి పేర్చక తప్పలేదు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌కు చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం 1974లో ఇరవై రెండు నిమిషాలు దాటిన ‘ఆటోబాన్’ను ఆ బాటలోనే నిర్మించింది. 1977లో మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్ బృందం డోనా సమ్మర్ గొంతుకు తోడుగా ‘ఐ ఫీల్ లవ్’ వాద్యసంగీతాన్ని దాదాపు పూర్తిగా మోగ్ మీద నిర్మించింది. డోలకాల శ్రుతి త్వరగా చెదిరిపోయేది కనుక కొద్ది క్షణాల చొప్పున ధ్వనిముద్రణ చేసి అతికారు. కాలితో వాయించే పెద్ద డ్రమ్ము దెబ్బను మాత్రం మనిషే వాయించాడు. యంత్రం నుంచి అంతటి బిగువు రాలేదు. ఇంగ్లండులో పంక్ పాటలు ముద్రించడానికి స్టూడియోకు వెళ్ళిన గ్యారీ న్యూమన్, అక్కడ ఎవరో వదిలి వెళ్ళిన మినీమోగ్‌ను ముట్టుకుని తన బాటే మార్చుకున్నాడు; 1979లో అతని పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

ఇలా రూపు మారుతూ సాగే జనసంగీతంలోనూ, జీవపరిణామానికి జీవశాస్త్రం చెప్పే వైవిధ్యం, వరణం, అనువంశికత అనే మూడు ప్రక్రియలు కనిపిస్తాయి. ఒక్క భేదముంది: జీవి సాధారణంగా తల్లిదండ్రుల నుంచే లక్షణాలు పొందుతుంది, పాట ఎవరి నుంచైనా పొందగలదు. 2015లో లండన్ పరిశోధకులు 1960 నుంచి 2010 వరకు అమెరికా జనాదరణ పట్టికకెక్కిన సుమారు 17,000 పాటల నాదగుణాన్నీ స్వరసంయోగాలనూ కంప్యూటరుతో కొలిచారు. మార్పు వేగం మూడుసార్లు ఉవ్వెత్తున లేచింది: 1964, 1983, 1991. వీటిలో 1983 నాటి మార్పును వారు సింథసైజర్లతో, లయయంత్రాలతో ముడిపెట్టారు. భిన్న సంస్థల వాద్యాలను ఒకే భాషలో మాట్లాడించిన మిడి ప్రమాణం, యమహా డీఎక్స్7 వాద్యం రెండూ ఆ సంవత్సరమే వచ్చాయి.

వైవిధ్యం పుట్టినంత మాత్రాన వరణం జరగదు. బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ సంస్థ తయారుచేసిన టీబీ-303 సింథసైజర్, టీఆర్-808 లయయంత్రాలపై పది రాగాలను డిస్కో లయకు కూర్చి డిస్కుగా తెచ్చారు. మన మోహనకు సాటి అయిన భూపాలి, హిందోళానికి సాటి అయిన మాల్కౌన్స్ అందులో ఉన్నాయి. స్వరం నుంచి స్వరానికి జారగల టీబీ-303, రాగానికి చక్కగా ఒదిగింది. కానీ ఆ డిస్కును కొన్నవారు తక్కువ. ఆ యంత్రమూ అమ్ముడుపోక ఉత్పత్తి ఆగిపోయింది. చౌకగా దొరికిన పాత యంత్రాలతో చికాగో యువకులు 1987 నాటికి ఆసిడ్ హౌస్ అనే శైలిని సృష్టించారు. ఆ శైలికి అతి దగ్గరగా వినిపించే సింగ్ డిస్కు మళ్ళీ వెలుగు చూసింది 2010లో, ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత.