రేసు గుర్రంలో వాటా: కొనే ధర కన్నా మేపే ఖర్చే అసలు లెక్క

నలుగురు కలిసి రొయ్యల గుంట వేయడం మన నెల్లూరు తీరంలో కొత్తేమీ కాదు. రేసు గుర్రంలో వాటా కూడా దాదాపు అలాంటిదే. కాకపోతే గుంట లాభమో నష్టమో నాలుగైదు నెలల్లో తేలిపోతుంది. గుర్రం పరిగెత్తినా, పరిగెత్తకపోయినా నెలనెలా బిల్లు వస్తూనే ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో రేసులకు పేరున్న చోటు హైదరాబాద్ మలక్‌పేట. మనకు దగ్గరైన చెన్నై గిండీ రేస్ కోర్సును 2024 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం సీల్ చేసింది.

వాటాదారుల పేర్లు రేస్ క్లబ్‌లో నమోదు కావాలి. నోటిమాట మీద డబ్బిస్తే రేపు అడిగే హక్కుండదు.

దాణా, సాయీసు జీతం, నాలాలు, డాక్టరు, ట్రైనర్ ఫీజు అన్నీ వాటా ప్రకారం పంచుకోవాలి. ఉదాహరణకు నెలకు 40,000 అయితే, నాలుగో వంతు వాటాకు 10,000. ఏడాదికి 1,20,000. కొన్న ధర దీనికి అదనం. గెలిస్తే వచ్చే ప్రైజ్ మనీలో ట్రైనర్‌కు, జాకీకి పోగా మిగిలిందే వాటాదారులకు. కాలు దెబ్బతింటే అదీ ఉండదు.

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. అది చట్టం మాట. బెట్టింగ్ మన దీన్‌లో జూదమే. ప్రైజ్ మనీ సంగతి మాత్రం ముందే ఆలిమ్‌ని అడగండి, ఎందుకంటే క్లబ్బుల ఆదాయంలో బెట్టింగ్ డబ్బూ ఉంటుంది.

పిల్ల పెళ్లికో, చదువుకో దాచిన సొమ్ము ఇందులో పెట్టకండి.