విమానం బాగుంటే చాలదు, కాగితాలకూ గడువుండాలి

సూరత్ అనగానే తెలుగువారికి చీరలు, మరమగ్గాల మీద బతికే మన నేత కార్మికులు గుర్తొస్తారు. అదే ఊరి వజ్రాల వ్యాపారులు పెట్టిన వెంచురా ఎయిర్‌కనెక్ట్ తొమ్మిది సీట్ల సెస్నా విమానాలు నడిపింది. ఎందుకో మ్యాపు చూస్తే తెలుస్తుంది. సూరత్ నుంచి భావ్‌నగర్‌కు ఖంభాత్ సింధుశాఖను చుట్టి వెళ్తే రోడ్డు మీద 350 కిలోమీటర్లకు పైనే. గాల్లో సూటిగా 90 కిలోమీటర్ల దరిదాపు.

ఇదే దారిలో ఒకరు సొంత విమానంలో వెళ్లాలనుకుందాం. మన దేశంలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు కనీసం 17 ఏళ్ల వయసు, 40 గంటల శిక్షణ కావాలి. దానితో డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు. మరి సొంత ప్రయాణమే కదా, నిబంధనలు తేలిగ్గా ఉంటాయా? కొన్ని విషయాల్లో ఉంటాయి గానీ, కాగితాల విషయంలో పెద్దగా కాదు.

1944 నాటి షికాగో ఒప్పందంలోని 29వ అధికరణం దేశాల మధ్య తిరిగే ప్రతి విమానంలోనూ రిజిస్ట్రేషన్ పత్రం, ఎగరడానికి తగినదన్న ధ్రువపత్రం, సిబ్బంది లైసెన్సులు, ప్రయాణ లాగ్‌బుక్, రేడియో ఉంటే దాని లైసెన్సు ఉండాలంటుంది. డీజీసీఏ దేశంలో తిరిగే విమానాలకూ ఇలాంటి జాబితానే పెట్టింది. చాలామంది తికమకపడేది ధ్రువపత్రం దగ్గరే. అది ఒకసారి ఇస్తారు. కానీ ఏటా జరిగే సమీక్షలో విమానం నెగ్గి, ఆ సమీక్ష పత్రం చేతిలో ఉన్నంత కాలమే దానికి విలువ. నిన్న గడువు తీరిపోతే, ఇంజిన్ గడియారంలా తిరుగుతున్నా ఈ రోజు ఆ విమానం ఎగరకూడదు.

గడువు ఉన్నా పత్రం చెల్లకపోవచ్చు. 2014 నవంబర్‌లో సూరత్ రన్‌వే మీద ఢిల్లీకి బయలుదేరుతున్న స్పైస్‌జెట్ బోయింగ్ గేదెను ఢీకొంది. ఊరంతా గేదె గురించే మాట్లాడుకుంది. నిబంధన మాత్రం వేరే సంగతి చెబుతుంది: పెద్ద నష్టం జరిగినా, అనుమతి లేని మార్పు చేసినా పత్రం దానంతటదే నిలిచిపోయినట్టే. అర్హత ఉన్న ఇంజినీర్ మరమ్మతు చేయించి, సంతకం పెట్టాకే అది మళ్లీ చెల్లుతుంది.

ఆ సంతకం ఎవరిది అన్నదే అసలు చిక్కు. అమెరికాలో ప్రైవేట్ పైలట్ తన విమానానికి ఆయిల్ మార్చుకోవచ్చు, టైరు మార్చుకోవచ్చు, లాగ్‌బుక్‌లో తానే రాసుకోవచ్చు. మన దగ్గర మరమ్మతు తర్వాత విమానాన్ని విడుదల చేసే పని లైసెన్సున్న ఇంజినీర్లదీ, అనుమతి పొందిన సంస్థలదీ. సొంత విమానాలు తక్కువగా ఉన్న చోట అలాంటి ఇంజినీర్ కోసం వేచి ఉండటమే పెద్ద ఖర్చు. 'ఈసారికి వెళ్లొద్దాం' అన్న ఆలోచన పుట్టేది అక్కడే. ఇంజినీర్ సంతకం ఉన్నా, బయలుదేరే ముందు లాగ్‌బుక్ తిరగేసి, విమానం చుట్టూ తిరిగి చూడాల్సిన బాధ్యత పైలట్‌దే.

ఫ్లైట్ మాన్యువల్ కూడా లోపల ఉండాల్సిందే. అది చదవడానికి గాల్లో తీరిక దొరకదు. 2009 సెప్టెంబర్ 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన బెల్ 430 నల్లమలలో కూలింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెజర్ సమస్యలో సిబ్బంది కీలక సమయంలో మునిగిపోయారని విచారణ కమిటీ పేర్కొంది.

ఇక పరికరాలు. భావ్‌నగర్ దారిలో కింద ఉన్నది సముద్రం. ఒకే ఇంజిన్ ఉన్న విమానం, అది ఆగితే ఒడ్డుకు జారుకుంటూ చేరలేనంత దూరం వెళ్లేటప్పుడు, తలా ఒక లైఫ్‌జాకెట్ ఉండాలన్నది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సూచన. ప్రమాద సంకేతం పంపే బీకన్ సంగతీ చూసుకోవాలి. పాత బీకన్లు వాడే 121.5 మెగాహెర్ట్జ్‌ను ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది. ఇప్పుడు అవి వినేది 406 మెగాహెర్ట్జ్‌నే. పాత బీకన్ ఒక్కటే ఉన్న విమానం సింధుశాఖలో పడితే దాని పిలుపు దగ్గర్లో ఎగిరే విమానాలకు వినిపించాలే తప్ప, ఉపగ్రహానికి చేరదు.