కారు అమ్మాక కొన్నవాళ్లు గొడవకొస్తే? ముందు చూడాల్సింది డబ్బు కాదు.. ఆర్‌సీ!

నరసరావుపేటలో మీరు వాడిన కారు ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టారు. మాచర్ల నుంచి ఒకాయన వచ్చి చూసుకున్నాడు. ఊళ్లోనే ఒక రౌండ్ తిప్పాడు, బేరమాడాడు, డబ్బులు ఫోన్‌లో కొట్టేసి బండి తీసుకెళ్లిపోయాడు. సరిగ్గా పది రోజులకు ఫోన్. "ఏందన్నా ఇది, పిడుగురాళ్ల దాటగానే బండి హీటెక్కిపోయింది. ఇంజిన్ పని ఉందంటున్నాడు మెకానిక్. చెప్పలేదేంది నువ్వు? నా డబ్బులు నాకు ఇచ్చెయ్!"

ఇది ఊహించి చెప్పిన సీనే. కానీ పాత బండి అమ్మిన చాలామందికి ఇలాంటి ఫోన్ కొత్తేమీ కాదు. ఇక్కడే ఎక్కువమంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు నంబర్ బ్లాక్ చేస్తారు. ఇంకొందరు గొడవెందుకులే అని అడిగినంత ఇచ్చేస్తారు. రెండూ తొందరపాటే. అసలు ఆ రిపేర్ ఖర్చు ఎవరిది? చట్టం ఏం చెబుతోంది? అంతకంటే ముఖ్యంగా, ఆ బండి ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి ఫోన్‌లో ఏం మాట్లాడాలి?

ముందు వినండి. లక్షలు పెట్టి కొన్న మనిషి, ఇంట్లో వాళ్ల ముందు రోడ్డు పక్కన బానెట్ ఎత్తి నిలబడ్డాడంటే కోపం రాకుండా ఉండదు. "అమ్మేశాక నాకేం సంబంధం" అని మొదటి నిమిషంలోనే అన్నారంటే, మాటలతో పోయేది పోలీస్ స్టేషన్ దాకా వెళ్తుంది.

అలాగని "సరే, నేను చూసుకుంటాలే" అని కూడా అనొద్దు. తర్వాత ఆ మాటే మీ ఒప్పుకోలు అవుతుంది. "ఏమైందో వాట్సాప్‌లో రాసి పంపు బ్రదర్, మెకానిక్ ఏమన్నాడో వీడియో పెట్టు, సాయంత్రం మాట్లాడదాం" అంటే చాలు. సమస్య ఏంటి, ఎప్పుడు మొదలైంది, అప్పటికి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది.. ఇవన్నీ రాతలో ఉంటాయి.

ఇంకో మాట. ఆన్‌లైన్‌లో మీరు పెట్టిన యాడ్, ఆయనతో చేసిన చాట్ డిలీట్ చేయొద్దు. వెంటనే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. రేపు వాదన వస్తే మీ తరఫున సాక్ష్యం అదే. మీరు అబద్ధం చెప్పి ఉంటే, మీకు వ్యతిరేకంగా సాక్ష్యమూ అదే.

హీటెక్కిందంటే పాత లోపమేనా?

కచ్చితంగా చెప్పలేం. బండి హీటెక్కడానికి కూలెంట్ తగ్గడం, రేడియేటర్ ఫ్యాన్ తిరగకపోవడం, థర్మోస్టాట్ ఇరుక్కుపోవడం లాంటి చిన్న కారణాలూ ఉంటాయి. హెడ్ గ్యాస్కెట్ పోవడం లాంటి పెద్ద కారణమూ ఉంటుంది. గ్యాస్కెట్ పోయినప్పుడు చాలాసార్లు ఇంజిన్ ఆయిల్‌లో కూలెంట్ కలిసి పాల టీ రంగులోకి మారుతుంది, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంది.

పైగా మన దగ్గర ఎండల సంగతి తెలిసిందే. వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు వార్తల్లో ఉండాల్సిందే. చలికాలంలో ఊళ్లో తిప్పినప్పుడు బయటపడని కూలింగ్ లోపం, మే నెలలో ఏసీ వేసుకుని లాంగ్ వెళ్తే అరగంటలో బయటపడొచ్చు. అంటే అమ్మిన మనిషికి నిజంగానే తెలియకపోయి ఉండొచ్చు. లేదా టెంపరేచర్ లైట్ వెలుగుతున్నా పట్టించుకోకుండా కొన్నాయనే నడిపి, చిన్న రిపేర్‌ను పెద్దది చేసుకుని ఉండొచ్చు.

అందుకే ఆయన మెకానిక్ మాటా వద్దు, మీ మెకానిక్ మాటా వద్దు. ఇద్దరికీ సంబంధం లేని మూడో షెడ్‌లోనో, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో చూపించండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అయితే అక్కడ చేయించిన పాత పనుల రికార్డు కూడా దొరుకుతుంది. మీరు ఆర్నెల్ల కింద హీటింగ్ సమస్యతోనే వెళ్లి ఉంటే, అది అక్కడ కనిపిస్తుంది.

చట్టంలో ఓ గుర్రం కథ

పాత బండికి గ్యారంటీ ఉంటుందా? మనిషికీ మనిషికీ మధ్య జరిగే అమ్మకంలో, మీరు ప్రత్యేకంగా మాట ఇస్తే తప్ప మామూలుగా ఉండదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం కొనేవాడే చూసుకుని కొనాలి. మరి అమ్మినవాళ్లు ఏం చెప్పకుండా తప్పించుకోవచ్చా?

దీనికి 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్‌లో మంచి ఉదాహరణ ఉంది. అప్పట్లో కార్లు లేవు కాబట్టి గుర్రంతో చెప్పారు. ఒకాయన తన గుర్రానికి జబ్బుందని తెలిసీ వేలంలో ఏమీ మాట్లాడకుండా అమ్మాడు. అది మోసం కాదు. కానీ కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటా" అన్నాడు, అమ్మేవాడు మాట్లాడకుండా ఊరుకున్నాడు. అప్పుడు ఆ మౌనం కూడా చెప్పినట్టే లెక్క.

దాన్ని మన కారుకు పెట్టి చూడండి. హీటింగ్ గురించి ఎవరూ అడగలేదు, మీకూ తెలియదు. అప్పుడు మీ తప్పు పెద్దగా లేదు. "ఇంజిన్ పని ఏమైనా ఉందా అన్నా?" అని చాట్‌లో అడిగితే, తెలిసీ "ఏం లేదు, టాప్ కండిషన్" అని కొట్టారు. అది తప్పుడు మాట. ఇక మీటర్ వెనక్కి తిప్పడం, యాక్సిడెంట్ అయిన బండికి డెంటింగ్, పెయింటింగ్ చేయించి "నాన్ యాక్సిడెంటల్" అని రాయడం.. ఇవి ఊరుకోవడం కాదు, కావాలని దాచడం. అలాంటప్పుడు కొన్నాయన బేరం రద్దు చేయమని అడగొచ్చు. బండి ఉంచుకుని, మీరు చెప్పిన మాట నిజమైతే తను ఏ స్థితిలో ఉండేవాడో ఆ స్థితికి తీసుకురమ్మనీ అడగొచ్చు.

"ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాను" అని కాగితం మీద రాసుకున్నా సరే. మీకు తెలియని లోపాల విషయంలో అది ఉపయోగపడుతుంది. మీరు చెప్పిన అబద్ధాన్ని మాత్రం కప్పదు.

అసలు డేంజర్ ఇక్కడే: ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది?

గొడవలో పడి అందరూ మర్చిపోయేది ఇదే. కొన్నాయన కోపంగా ఉన్నాడు, ట్రాన్స్‌ఫర్ చేయించుకోలేదు, బండి మాత్రం రోడ్డు మీద తిరుగుతూనే ఉంది. రికార్డులో ఓనర్ మీరే!

సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు చూస్తే విషయం అర్థమవుతుంది. ఓనర్ 2007లోనే కారు అమ్మేశాడు. ఆ తర్వాత అది ఇంకొందరి చేతులు మారింది. రిజిస్ట్రేషన్ మాత్రం ఎవరూ మార్చుకోలేదు. 2009లో ఆ కారుతో ప్రమాదం జరిగి ఓ పిల్లాడు చనిపోయాడు. పరిహారం ఎవరు కట్టాలి? ప్రమాదం రోజున రిజిస్టర్‌లో ఎవరి పేరుందో ఆయనే ఓనర్ అని సుప్రీంకోర్టు తేల్చింది. బాధితులు చేతులు మారిన వాళ్లందరి వెంట తిరగలేరు కదా అన్నది అందులోని న్యాయం. రెండేళ్ల కింద అమ్మిన బండి మళ్లీ మొదటి ఓనర్ మెడకే చుట్టుకుంది.

మోటార్ వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం లోపలే అమ్మితే, అమ్మినవాళ్లు 14 రోజుల్లోగా రవాణా శాఖకు చెప్పాలి. కొన్నవాళ్లకు 30 రోజుల గడువు. ఇందుకోసం వాడేవి 29, 30 నంబర్ ఫారాలు. కాబట్టి పదో రోజు ఫోన్ వచ్చిందంటే మీకింకా నాలుగు రోజులే ఉన్నాయి! బేరం రద్దయ్యేది లేనిది తర్వాత తేల్చుకోవచ్చు. రద్దు కాకపోతే మాత్రం ట్రాన్స్‌ఫర్ ఆగకూడదు. "రిపేర్ సంగతి తేలేదాకా సంతకం పెట్టను" అని కొన్నాయన మొండికేస్తే, అమ్మిన సంగతి రాతపూర్వకంగా ఆర్టీఓ ఆఫీసుకు, ఆయనకు తెలియజేసి, రసీదు దాచుకోండి. ఆర్‌సీ మారే వరకు పని అయిపోయినట్టు కాదని మాత్రం గుర్తుంచుకోండి.

ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పాలి. కొన్నవాళ్లు 14 రోజుల్లోగా పాలసీ తమ పేరుకు మార్చమని అడగాలి. మీ ఫాస్టాగ్ ఇంకా ఆ అద్దం మీదే ఉంటే, ఇచ్చిన బ్యాంకుకు చెప్పి క్లోజ్ చేయించండి. లేకపోతే టోల్‌గేట్ దాటిన ప్రతిసారీ డబ్బులు కట్ అయ్యేది మీ అకౌంట్లోనే.

కృష్ణమ్మ దాటిందంటే లెక్క మారుతుంది

పల్నాడు వాళ్లకు ఇది ప్రత్యేకం. దాచేపల్లి మండలం పొందుగల దగ్గర బ్రిడ్జి దాటితే తెలంగాణ. మాచర్ల నుంచి సాగర్ దాటినా అంతే. మిర్యాలగూడ ఆయన మనకు పక్క ఊరాయనలా అనిపించినా, కాగితాల లెక్కలో అది వేరే రాష్ట్రం. అలాంటప్పుడు 28వ నంబర్ ఫారంతో ఎన్‌ఓసీ తీసుకోవాలి, గడువు 45 రోజులు. పన్ను బకాయి, పాత చలానాలు ఉంటే ఎన్‌ఓసీ ఆగిపోతుంది. ఫైనాన్స్ తీరినా ఆర్‌సీలో ఆ ఎంట్రీ కొట్టేయించకపోతే అక్కడా ఇబ్బందే, దానికి 35వ నంబర్ ఫారం. కొన్నవాళ్ల కోపంలో సగం ఇంజిన్ గురించి కాదు, అమ్మినవాళ్లు ఈ కాగితాలు ఇవ్వకుండా తిప్పించుకోవడం గురించే! ఆ సగం మీ చేతుల్లో ఉన్నదే.

డబ్బు తిరిగివ్వాలా?

మూడు దారులున్నాయి. ఒకటి, రిపేర్ ఖర్చులో వాటా. లోపం పాతదో కొత్తదో తేలనప్పుడు చాలామందికి కుదిరేది ఇదే. రెండు, బండి వెనక్కి తీసుకోవడం. మీరు తప్పు చెప్పి ఉంటే ఇదే మర్యాద. ఈ మధ్యలో పడ్డ చలానాలు, తగిలిన దెబ్బలు చూసుకుని, ఏ తేదీన ఏ టైమ్‌కు బండి ఎవరి చేతిలోకి వచ్చిందో రాసుకోండి. మూడు, ఏమీ ఇవ్వకపోవడం. అన్నీ చెప్పే అమ్మారు, చాట్‌లో రుజువుంది, అలాంటప్పుడు మర్యాదగానే కాదనొచ్చు.

ఏ దారైనా నోటిమాటతో వదలొద్దు. ఎంత ఇచ్చారో, దేనికిచ్చారో, ఇక అభ్యంతరం లేదని రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. "స్కాన్ చేసి పిన్ కొట్టు, డబ్బులొస్తాయి" అని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930కి కాల్ చేయాలి.

"కేసు పెడతా" అంటే భయపడాలా?

ఒకసారి సొంత కారు అమ్ముకున్న మనిషి వ్యాపారి కాదు, కాబట్టి మామూలుగా ఇలాంటి గొడవ వినియోగదారుల కమిషన్ పరిధిలోకి రాదు. డీలర్ దగ్గర కొంటే వస్తుంది, హెల్ప్‌లైన్ 1915. చీటింగ్ కేసు అంటే పాత 420, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్. దానికి మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. రిపేర్‌కి వచ్చిన ప్రతి బండీ చీటింగ్ కేసు కాదు. మీటర్ తిప్పి అమ్మితే మాత్రం ధైర్యంగా ఉండే పరిస్థితి కాదు.

మన దగ్గర పెద్దమనుషుల్లో కూర్చోబెట్టడం మామూలే. తప్పులేదు. కానీ అక్కడి మాటకు చట్టబద్ధత కావాలంటే లోక్ అదాలత్ ఉంది. కేసు వేయకముందే వెళ్లొచ్చు. ఇద్దరూ ఒప్పుకుని రాజీ అయితే, ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీల్ ఉండదు. న్యాయ సహాయం కోసం 15100కి కాల్ చేయొచ్చు. ఇంటికొచ్చి బెదిరిస్తే మాత్రం రాజీ మాటలు పక్కనపెట్టి పోలీసులకు చెప్పండి.

అమ్మేముందు ఒక్క పని

ఇంత తలనొప్పి లేకుండా ఉండాలంటే యాడ్‌లో లోపాలు కూడా రాయండి. "ఏసీ కూలింగ్ తక్కువ, ఎడమ డోర్ పెయింట్ అయింది, క్లచ్ ప్లేట్లు మార్చాలి" అని రాస్తే ఐదో పదో వేలు తగ్గొచ్చు. కానీ పదో రోజు ఆ ఫోన్ వచ్చినప్పుడు, చాట్ తీసి చూపించగలిగే ధైర్యం మీకుంటుంది. ఆర్టీఓ పని పూర్తయి ఆర్‌సీలో పేరు మారిన రోజే బండి నిజంగా అమ్మినట్టు. అప్పటిదాకా తాళం చెవి ఆయన దగ్గర ఉన్నా, బాధ్యత మీ దగ్గరే ఉంది.